నూరేళ్లు నిండిన నాణెం సరిహద్దు దాటరాదు

• విదేశాలకు వెళ్లేవారి పెట్టెల్లో తాతల నాటి వెండి రూపాయలు
• ధరతో నిమిత్తం లేదు.. వయసే ప్రమాణం
• ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల వరకు జైలు
• స్మారక నాణేలకూ పరిమితి ఉన్నది

పెన్‌పహాడ్: పాత ఇనుప పెట్టెల అడుగున, దేవుని గూటిలో, వడ్ల గాదె పక్కన దాచిన సంచుల్లో నాలుగైదు వెండి రూపాయలు లేని పాతకాలపు ఇల్లు పల్లెల్లో అరుదు. వాటిలో కొన్నింటిపై విక్టోరియా రాణి బొమ్మ, కొన్నింటిపై చార్మినారు ఉంటాయి. దీపావళి నాడు లక్ష్మీపూజలో పెట్టి, మరునాడు తిరిగి మూట కట్టి దాచడం ఎన్నో కుటుంబాలలో ఆనవాయితీ. పెన్‌పహాడ్ మండలంతో పాటు సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల నుంచి ఉన్నత చదువులకు, ఉద్యోగాలకు అమెరికా, ఆస్ట్రేలియా, గల్ఫ్ దేశాలకు వెళ్లేవారు ఎక్కువ కావడంతో ఈ నాణేలు ఇప్పుడు విమానం ఎక్కే సందర్భాలు ఏర్పడుతున్నాయి. పిల్లల వెంట శుభమని పంపేవారు కొందరు. అక్కడి సేకర్తలకు అమ్మితే డాలర్లు వస్తాయని ఆశపడేవారు మరికొందరు. తమ దగ్గరున్న నాణెం ఇచ్చి మరో దేశపు నాణెం పుచ్చుకోవాలనుకునే అభిరుచిపరులు ఇంకొందరు. వీరిలో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. అయితే చట్టం ఉద్దేశాన్ని చూడదు, నాణెం వయసును చూస్తుంది. ఆ ఒక్క విషయం తెలియకపోతే తాత ఇచ్చిన ఆస్తి చేజారడమే గాక, విమానాశ్రయం నుంచి నేరుగా కోర్టు మెట్లు ఎక్కవలసిన పరిస్థితి వస్తుంది.

చట్టం ఏమంటోంది?

దేశంలోని ప్రాచీన వస్తువులు విదేశాలకు తరలిపోకుండా కాపాడేందుకు పార్లమెంటు 1972లో పురావస్తువులు, కళాఖండాల చట్టాన్ని చేసింది. నూరు సంవత్సరాలకు తక్కువ కాకుండా ఉనికిలో ఉన్న వస్తువులను ఈ చట్టం పురావస్తువులుగా పరిగణిస్తుంది. ఆ నిర్వచనంలో మొదట పేర్కొన్న వస్తువే నాణెం. శిల్పం, చిత్రపటం, శాసనం మొదలైనవి ఆ తర్వాత వస్తాయి. రాతప్రతుల విషయంలో మాత్రం ఈ గడువు 75 ఏళ్లు.

పురావస్తువును దేశం దాటించే అధికారం కేంద్ర ప్రభుత్వానికి, కేంద్రం అధికారమిచ్చిన సంస్థలకు తప్ప మరెవ్వరికీ లేదు. వ్యక్తులకు అనుమతి ఇచ్చే పద్ధతి కూడా లేదు. సుంకం చెల్లిస్తామన్నా, బిల్లు చూపించినా, తాత వీలునామా చూపించినా ప్రయోజనం ఉండదు. భారతదేశం నుంచి బయటి ప్రదేశానికి తీసుకువెళ్లడమే ఎగుమతి అని చట్టం చెబుతున్నది. కనుక అమ్మడానికి తీసుకెళ్లినా, బహుమతిగా ఇవ్వడానికి తీసుకెళ్లినా, పూజలో పెట్టుకోవడానికి తీసుకెళ్లినా ఒకే లెక్క. జేబులో పెట్టుకున్నా, తపాలాలో పంపినా, కొరియరులో వేసినా తేడా లేదు.

నిబంధనను అతిక్రమించినవారికి ఆరు నెలలకు తగ్గకుండా, మూడేళ్ల వరకు జైలుశిక్ష, దానితో పాటు జరిమానా విధించవచ్చు. ఇది కాక కస్టమ్స్ చట్టం కింద నాణేల జప్తు, అపరాధ రుసుము వేరుగా ఉంటాయి. నాణెం ధర వంద రూపాయలా, లక్ష రూపాయలా అన్న ప్రశ్నకు ఇక్కడ తావు లేదు.

ఇంకొక విశేషమేమిటంటే నిర్వచనంలో భారతీయ నాణెం అనే పరిమితి కనబడదు. నూరేళ్లు నిండినదైతే ఇంట్లో ఉన్న బ్రిటిష్ బంగారు సవరనుకూ ఇదే సూత్రం వర్తిస్తుందని గ్రహించాలి. కాసులపేరులోనో, లంబాడా మహిళల సంప్రదాయ ఆభరణాలలోనో నిజమైన పాత నాణేలను పొదిగి ఉంటే, నగ రూపంలో ఉన్నది కాబట్టి దాటిపోతుందని భావించరాదు. నగలో ఉన్నా నాణెం నాణెమే.

అదే సమయంలో ప్రజలు భయపడవలసిన పని కూడా లేదు. పాత నాణేలను ఇంట్లో ఉంచుకోవడం నేరం కాదు. శిల్పాలు, చిత్రపటాలు వంటి కొన్ని రకాల పురావస్తువులకు తప్పనిసరి చేసిన రిజిస్ట్రేషన్ జాబితాలో నాణేలు లేవు. వారసత్వంగా వచ్చిన వాటిని దాచుకోవచ్చు, పిల్లలకు పంచవచ్చు, దేశంలోనే అమ్ముకోవచ్చు. ఆంక్ష ఉన్నది సరిహద్దు దాటించడంపైనే.

ఏటేటా జరిగే గీత

నూరేళ్ల గీత ఒకచోట నిలిచి ఉండేది కాదు. ప్రతి సంవత్సరం ఒక అడుగు ముందుకు జరుగుతుంది. 1918 నాటి రూపాయి 2017 వరకు పురావస్తువు కాదు. 2018లో నూరేళ్లు నిండగానే అయింది. స్వాతంత్య్రం వచ్చిన 1947 నాటి రూపాయి 2047లో ఆ గీత దాటుతుంది. పదేళ్ల క్రితం బంధువులు తీసుకెళ్లారు, ఎవరూ అడగలేదు కదా అనే మాట అందుకే చెల్లదు. అప్పుడు తొంభై అయిదేళ్లున్న నాణెం ఇప్పుడు నూట అయిదేళ్లది.

రాణి రూపాయి, రాజు రూపాయి

ఇళ్లలో ఎక్కువగా కనిపించే బ్రిటిష్ ఇండియా రూపాయలపై సంవత్సరం ఇంగ్లిషు అంకెలలోనే ఉంటుంది. కనుక వయసు తెలుసుకోవడం తేలిక. సంవత్సరం అరిగిపోయినా, బొమ్మను బట్టి కాలాన్ని గుర్తించవచ్చు.

విక్టోరియా బొమ్మ ఉన్నవన్నీ 1901 లేదా అంతకు ముందు సంవత్సరాలవి. 1876 వరకు ముద్రించిన వాటిపై ఆమెను రాణిగా, 1877 నుంచి చక్రవర్తినిగా పేర్కొన్నారు. ఆ తర్వాత వచ్చిన ఏడో ఎడ్వర్డు రూపాయలు 1903 నుంచి 1910 వరకు వెలువడ్డాయి. కిరీటం లేని బట్టతల రాజుగా ఆయన బొమ్మను పోల్చుకోవచ్చు. ఐదో జార్జి వెండి రూపాయలు ప్రధానంగా 1911 నుంచి 1922 వరకు ముద్రితమయ్యాయి. 1911 నాటి రూపాయిపై రాజు దుస్తుల మీద చెక్కిన ఏనుగు బొమ్మ పందిలా ఉన్నదని దేశమంతటా అలజడి రేగడంతో మరుసటి సంవత్సరం ఆ బొమ్మను సరిదిద్దారు. సేకర్తలు నేటికీ దానిని పంది రూపాయి అనే పిలుస్తారు. ఈ ముగ్గురి కాలంలో వచ్చిన పై నాణేలన్నింటికీ నూరేళ్లు నిండాయి. అంటే వీటిలో ఏ ఒక్కటీ విమానం ఎక్కరాదు.

ఆరో జార్జి రూపాయల సంగతి వేరు. 1938 నుంచి 1945 మధ్య సంవత్సరాలతో ఉన్న వెండి రూపాయలు, 1947 సంవత్సరపు నికెల్ రూపాయలు ఇంకా నూరేళ్ల గీతకు ఇవతలే ఉన్నాయి. వెనుకవైపు పులి బొమ్మ ఉన్న నికెల్ రూపాయి అయస్కాంతానికి అంటుకుంటుంది, వెండి రూపాయి అంటుకోదు. 1940 నుంచి ఆరో జార్జి రూపాయిలో వెండి పాలు సగానికి తగ్గింది. అంతకు ముందు రూపాయిలో వెండి 91.7 శాతం ఉండేది. దాని బరువు 11.66 గ్రాములు. పాత లెక్కలో తులం అంటే ఈ రూపాయి ఎత్తే.

చార్మినారు నాణెం చదివేది ఎలా?

సూర్యాపేట, నల్లగొండ ప్రాంతాలు 1948 వరకు నిజాం పాలనలో ఉన్నందున ఇక్కడి ఇళ్లలో బ్రిటిష్ రూపాయితో పాటు హైదరాబాదు సంస్థానపు హాలీ సిక్కా కూడా కనబడుతుంది. చిక్కు వచ్చేది దీనితోనే. దానిపై సంవత్సరం ఉర్దూ అంకెలలో, హిజ్రీ లెక్కలో ఉంటుంది. 1340 అని చదివి మన సంవత్సరమే అనుకుంటే ఏడు వందల ఏళ్ల నాటి నాణెమని పొరబడతారు. అంకెలు రాక ఏదో ఈ మధ్యదే అనుకుంటే చట్టానికి చిక్కుతారు.

లెక్క కట్టే పద్ధతి సులువే. హిజ్రీ సంవత్సరాన్ని 0.97తో గుణించి 622 కలిపితే ఇంచుమించు క్రీస్తుశకం వస్తుంది. ఆ విధంగా హిజ్రీ 1330 అంటే 1912 ప్రాంతం, 1340 అంటే 1921–22, 1365 అంటే 1946 ప్రాంతం. గ్రామంలో ఉర్దూ చదవగలిగిన పెద్దలకు చూపిస్తే సంవత్సరం క్షణంలో చెబుతారు.

అంకెలు కనబడకపోతే చార్మినారు నడుమ ద్వారంలో చూడాలి. అక్కడ మీమ్ అనే అక్షరం ఉంటే అది ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ కాలానిది. ఆయన పాలన 1911తో ముగిసింది. కాబట్టి ఆయన నాణేలన్నీ పురావస్తువులే. ద్వారంలో ఐన్ అనే అక్షరం ఉంటే ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కాలానిది. ఆయన 1911 నుంచి 1948 వరకు పాలించినందున సంవత్సరం చదివితే గాని తేల్చలేం. ఆయన తొలి పన్నెండు, పదమూడేళ్ల నాణేలకు నూరేళ్లు దాటాయి. చివరి కాలంలోనివి ఇంకా దాటలేదు.

హాలీ రూపాయి బ్రిటిష్ రూపాయి కన్నా కొంచెం తేలిక. బరువు సుమారు 11.18 గ్రాములు, వెండి 81.8 శాతం. విలువ కూడా తక్కువే. ఏడు హాలీ రూపాయలు ఆరు భారత రూపాయలకు సమానంగా చెలామణి అయ్యాయి. సంస్థానం విలీనమైన తర్వాత కూడా కొంతకాలం నడిచి, 1959లో పూర్తిగా రద్దయింది. ఈ నాణేలు ఎలా తయారయ్యేవో చూడదలచినవారు హైదరాబాదు సైఫాబాద్‌లోని పాత టంకశాలకు వెళ్లవచ్చు. 1903 నాటి ఆ టంకశాల పని 1997లో చర్లపల్లికి మారింది. పాత భవనంలో 2022లో ప్రదర్శనశాల ఏర్పాటైంది. నేటి నాణేలపై సంవత్సరం కింద నక్షత్రం గుర్తు ఉంటే అది హైదరాబాదు టంకశాలలో ముద్రించినదని అర్థం.

జెనీవాలో వేలానికి 12 కిలోల మొహరు

చట్టం చిన్నవారికేనా, పెద్దలకు వర్తించదా అనే సందేహానికి హైదరాబాదు చరిత్రలోనే సమాధానం ఉన్నది. మొఘల్ చక్రవర్తి జహంగీరు 1613లో ఆగ్రాలో ముద్రించినట్లు చెప్పే వెయ్యి మొహర్ల బంగారు నాణెం ఒకటి నిజాముల వద్దకు చేరిందని ప్రసిద్ధి. దాని బరువు 11,935.8 గ్రాములు, అంటే సుమారు 12 కిలోలు. ప్రపంచంలోని అతి పెద్ద బంగారు నాణేలలో ఒకటిగా దీనికి పేరు.

1987లో ఈ నాణెం స్విట్జర్లాండ్‌లోని జెనీవాలో వేలానికి వచ్చిందన్న సమాచారం భారత ప్రభుత్వానికి చేరింది. పురావస్తువును దేశం దాటించారన్న కోణంలో కేంద్ర దర్యాప్తు సంస్థ విచారణ చేపట్టింది. పురావస్తువుల చట్టం కింద కేసు నమోదైంది. ఏళ్లు గడిచినా నాణెం ఎక్కడున్నదీ తేలలేదు. 2022లో దాని ఆచూకీ కోసం కేంద్రం తిరిగి దృష్టి సారించిందన్న వార్తలు వచ్చాయి. రాజవంశం సొత్తయినా, సొంతమని చెప్పుకున్నా దేశం దాటించే హక్కు ఉండదని ఈ ఉదంతం తెలియజేస్తున్నది. ఒకసారి దాటిపోయిన నాణెం తిరిగి రావడం ఎంత కష్టమో కూడా దీనివల్ల తెలుస్తుంది.

పొలంలో బయటపడితే?

ఉమ్మడి నల్లగొండ జిల్లా నేల నాణేలకు పెట్టింది పేరు. సూర్యాపేట జిల్లా నాగారం మండలం ఫణిగిరి బౌద్ధ క్షేత్రంలో రాష్ట్ర వారసత్వ శాఖ జరిపిన తవ్వకాలలో 2024 మార్చిలో ఒక కుండ బయటపడింది. అందులో 3,730 సీసపు నాణేలు ఉన్నాయి. ఒకవైపు ఏనుగు, మరోవైపు ఉజ్జయినీ చిహ్నం ఉన్న ఆ నాణేలను ఇక్ష్వాకుల కాలానివిగా గుర్తించారు. నల్లగొండ జిల్లా అక్కన్‌పల్లిలో పూర్వం పదిహేను వందలకు పైగా రోమన్ వెండి దినారాలు దొరికాయి. రెండు వేల ఏళ్ల కిందట రోము నుంచి సముద్రం దాటి వచ్చిన వ్యాపారపు సొమ్ము ఈ పల్లెల వరకు చేరిందనడానికి అది తిరుగులేని ఆధారం.

ఇలాంటి నాణెం దుక్కిలోనో, పునాదిలోనో ఒకటి దొరికితే దాని విలువ లోహంలో ఉండదు. ఎక్కడ, ఎంత లోతున, వేటితో కలిసి దొరికిందన్న వివరంలో ఉంటుంది. సీసపు నాణేన్ని కరిగిస్తే పది రూపాయలైనా రావు. కుండతో సహా ఉన్నచోట నమోదు చేస్తే ఒక రాజ్యపు చరిత్ర తెలుస్తుంది. ఆ వివరం లేకుండా విదేశీ సేకర్త చేతికి పోయిన నాణెం అక్కడి అద్దాల పెట్టెలో మూగదైపోతుంది.

భూమిలో నిధి దొరికితే అది దొరికినవారి సొంతమనుకోవడం పొరపాటు. తహసీల్దారుకు, పోలీసులకు తెలిపి, జిల్లా యంత్రాంగానికి అప్పగించవలసి ఉంటుంది. దాచిపెట్టడం నేరమవుతుంది. 2021 ఏప్రిల్‌లో జనగామ జిల్లా పెంబర్తిలో భూమి చదును చేస్తుండగా బంగారు, వెండి ఆభరణాలతో బిందె బయటపడినప్పుడు అధికారులు పంచనామా చేసి స్వాధీనం చేసుకున్నారు. గుప్తనిధుల పేరిట పాత గుళ్లు, దిబ్బలు తవ్వడం మరింత తీవ్రమైన విషయం.

ప్రభుత్వం ద్వారా సక్రమంగా వెళ్లిన వస్తువులకు గౌరవం ఎలా దక్కుతుందో కూడా ఫణిగిరే చూపింది. 2023లో న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియంలో జరిగిన ప్రాచీన బౌద్ధ కళా ప్రదర్శనలో ఫణిగిరి శిల్పాలు కొలువుదీరాయి. అది ప్రభుత్వ అంగీకారంతో, గడువు పెట్టి, భద్రత కల్పించి చేసిన ప్రయాణం.

కొత్త నాణేలకూ హద్దు

నూరేళ్లు నిండనివి ఎన్నయినా తీసుకెళ్లవచ్చా అంటే, అక్కడా కొన్ని షరతులు ఉన్నాయి. విదేశీ మారక నిర్వహణ చట్టం కింద రిజర్వు బ్యాంకు రూపొందించిన నిబంధనల ప్రకారం, నేపాల్, భూటాన్ కాక ఇతర దేశాలకు వెళ్లే భారతీయులు రూ.25 వేల వరకు మన కరెన్సీ నోట్లు వెంట తీసుకెళ్లవచ్చు. స్మారక నాణేల విషయంలో ఒక్కొక్కటి రెండుకు మించరాదు. ఏదైనా సందర్భాన్ని పురస్కరించుకొని భారత ప్రభుత్వ టంకశాల విడుదల చేసే, రూపాయలలో విలువ ముద్రించిన నాణేలను స్మారక నాణేలంటారు. 1964లో నెహ్రూ స్మృతిగా వచ్చిన నాణెంతో ఈ పరంపర స్వతంత్ర భారతంలో మొదలైంది. విదేశీ మిత్రులతో మార్పిడి చేసుకుందామని ఒకే రకం స్మారక నాణేలు ఇరవై, ముప్పై కొని పెట్టెలో వేసుకోవడం ఈ నిబంధనకు విరుద్ధం. అంతకు మించి కావాలంటే రిజర్వు బ్యాంకు అనుమతి పొందాలి.

నయా పైసలు, అణాలు, బేడల వంటి చిల్లర నాణేలకు అభిరుచిపరులలో మంచి గిరాకీ ఉంటుంది. దశాంశ పద్ధతి 1957 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. 25 పైసలు, అంతకు తక్కువ విలువ గల నాణేలు 2011 జూన్ 30 తర్వాత చెలామణిలో లేవు. విదేశీ సేకర్తతో మార్పిడికి నయా పైసలు అనువైనవి. వీటి ధర తక్కువ, వయసు వివాదం లేదు. చాలామంది అనుభవజ్ఞులైన సేకర్తలు ఈ మార్గాన్నే ఎంచుకుంటారు.

విదేశంలో జరిగే ప్రదర్శనకు విలువైన ఆధునిక నాణేలను తీసుకెళ్లి, మిగిలినవి తిరిగి తేవాలనుకునే వ్యాపారులకు వేరే ఏర్పాటు ఉన్నది. తాత్కాలికంగా సరుకు తీసుకెళ్లి సుంకం లేకుండా వెనక్కి తెచ్చేందుకు వీలు కల్పించే ఏటీఏ కార్నెట్ పత్రాన్ని మన దేశంలో ఫిక్కీ జారీ చేస్తుంది. అయితే పురావస్తువులపై నిషేధాన్ని ఈ పత్రం తొలగించదు.

సందేహం ఉంటే ఎవరు తేల్చుతారు?

సంవత్సరం అరిగిన నాణెం, తేదీ లేని నాణెం, పాతదాన్ని పోలిన నకలు వంటివి విమానాశ్రయంలో చూపించినప్పుడు వివాదం వస్తుంది. వస్తువు పురావస్తువా, కాదా అని తేల్చే అధికారం భారత పురావస్తు సర్వేక్షణ శాఖ డైరెక్టర్ జనరల్‌కు లేదా ఆయన అధికారమిచ్చిన అధికారికి ఉంటుంది. వారి నిర్ణయమే అంతిమం. పురావస్తువు కాదని ధ్రువపత్రం కావాలనుకునేవారు ప్రయాణానికి చాలా ముందుగానే ఆ శాఖ హైదరాబాదు సర్కిల్ కార్యాలయాన్ని సంప్రదించి, నాణేన్ని, ఫొటోలను చూపించాలి. బయలుదేరే రోజు శంషాబాద్ విమానాశ్రయంలో వాదించి ఫలితం ఉండదు. నాణేల దొంతర స్కానర్‌లో స్పష్టంగా కనబడుతుంది. బట్టల మడతల్లో, పచ్చడి సీసాల్లో దాచితే, అడగకముందే తప్పు ఒప్పుకున్నట్లవుతుంది.

దిగిన దేశంలో మరో లెక్క

ఇక్కడి తనిఖీ దాటితే పని అయిపోయినట్లు కాదు. ప్రతి దేశానికీ తన నిబంధనలు ఉంటాయి. అమెరికాలో దిగేవారి వద్ద నగదు, దానికి సమానమైన పత్రాలు కలిపి పది వేల డాలర్లు మించితే ప్రకటించాలి. చెలామణిలో ఉన్న విదేశీ నాణేలు కూడా ఆ లెక్కలోకి వస్తాయి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో ఈ పరిమితి 60 వేల దిర్హాములు. ప్రకటించడం వల్ల పన్ను పడదు. ప్రకటించకపోతేనే సొమ్ము జప్తవుతుంది.

సాంస్కృతిక సంపద అక్రమ రవాణాను అరికట్టేందుకు 1970లో యునెస్కో ఒడంబడిక రూపొందింది. భారతదేశం 1977లో అందులో చేరింది. భారత్, అమెరికాల మధ్య 2024 జులైలో సాంస్కృతిక సంపద ఒప్పందం కుదిరింది. పేరున్న వేలం సంస్థలు, వ్యాపారులు ఇప్పుడు నాణెం ఎప్పుడు, ఏ పత్రాలతో దేశం దాటిందో అడుగుతున్నారు. సమాధానం లేని నాణేన్ని వారు ముట్టుకోరు. ముట్టుకునేవారు సగం ధరకు బేరమాడతారు. డాలర్ల ఆశతో మోసుకెళ్లినవారికి చివరకు మిగిలేది అదే. చదువుకునేందుకు వెళ్లినవారు నాణేల అమ్మకాన్ని వ్యాపారంగా సాగిస్తే వీసా నిబంధనలతోనూ చిక్కులు రావచ్చు.

తిరుగు ప్రయాణంలో మరో జాగ్రత్త అవసరం. విదేశంలో కొన్న బంగారు నాణెం ఆభరణాల రాయితీ కిందకు రాదు. దానిని కస్టమ్స్ అధికారులకు చూపించి సుంకం చెల్లించాలి.

లక్షలిస్తామంటే నమ్మరాదు

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు రూపాయల నాణేనికి లక్షలు, ట్రాక్టరు బొమ్మ ఉన్న నోటుకు లక్షలు అంటూ ఫోన్లలో తిరిగే ప్రకటనలు పల్లెల దాకా వచ్చాయి. కోట్లలో ముద్రించి చెలామణిలో ఉన్న నాణేనికి లక్షలు పెట్టేవారు ఉండరు. ఈ ముఠాల పద్ధతి ఒక్కటే. మొదట ధర చెప్పి ఆశ పెడతారు. తర్వాత రిజిస్ట్రేషన్ రుసుము, పన్ను, విదేశీ కొనుగోలుదారు కమీషన్ అంటూ విడతలవారీగా డబ్బు గుంజుతారు. రిజర్వు బ్యాంకు పేరుతో నకిలీ పత్రాలు కూడా చూపుతారు. పాత నాణేలు, నోట్ల క్రయవిక్రయాలతో తనకు సంబంధం లేదని, ఎటువంటి రుసుమూ వసూలు చేయబోనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో బహిరంగంగా ప్రకటించింది. అమ్మేవాడు డబ్బు కట్టడం ఏ బేరంలోనూ ఉండదన్న చిన్న విషయం గుర్తుంచుకుంటే చాలు. మోసపోయినవారు వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయాలి.

ఇక్కడే విలువ పొందడం ఎలా?

పాత నాణేన్ని అమ్మాలనుకుంటే దేశంలోనే తగిన మార్గాలున్నాయి. హైదరాబాదు, ముంబయి, బెంగళూరు నగరాలలో నాణేల ప్రదర్శనలు, వేలాలు జరుగుతుంటాయి. పురావస్తువుల వ్యాపారం చేసేవారికి లైసెన్సు ఉండాలి. కొనేవారిని ఆ విషయం అడగాలి, రసీదు తీసుకోవాలి. వెండి దుకాణంలో ఇస్తే లోహపు ధరే వస్తుంది. ఒకసారి కరిగిన నాణెం మళ్లీ రాదు. కనుక అరుదైనదా, కాదా తేల్చుకున్న తర్వాతే అమ్మకం గురించి ఆలోచించాలి. 1939 నాటి ఆరో జార్జి రూపాయి వంటివి అరుదు. అరుదైనవాటికి నకిలీలు కూడా ఎక్కువే.

అన్నింటికన్నా ముఖ్యం, నాణేన్ని తోమరాదు. పండుగ ముందు చింతపండు, బూడిదతో ఇత్తడి సామాన్లతో పాటు వెండి రూపాయలనూ తళతళలాడేలా రుద్దడం అలవాటు. ఆ మెరుపుతో పాటు అక్షరాలు, అంచులు అరుగుతాయి. సేకర్త చెల్లించే ధర కూడా అరుగుతుంది. నల్లబడిన నాణేన్ని మెత్తని పొడి గుడ్డలో చుట్టి ఉంచడమే మేలు.

బయలుదేరే ముందు..

• ప్రతి నాణెంపై సంవత్సరం చూడాలి. హిజ్రీ సంవత్సరమైతే క్రీస్తుశకంలోకి మార్చుకోవాలి.
• నూరేళ్లు నిండినవి, నిండాయో లేదో తెలియనివి ఇంట్లోనే ఉంచాలి.
• విక్టోరియా, ఏడో ఎడ్వర్డు బొమ్మలున్నవి, 1911–1922 మధ్య నాటి ఐదో జార్జి రూపాయలు, మహబూబ్ అలీఖాన్ కాలపు చార్మినారు నాణేలు తీసుకెళ్లరాదు.
• స్మారక నాణేలు ఒక్కొక్కటి రెండుకు మించరాదు.
• పాత నాణేలు పొదిగిన నగలను పరిశీలించుకోవాలి.
• వెంట తీసుకెళ్లే నాణేల జాబితా, ఫొటోలు, కొన్న రసీదులు దగ్గర ఉంచుకోవాలి.
• పరాయివారు ఇచ్చిన నాణేల పొట్లాన్ని అందులో ఏమున్నదో చూడకుండా తీసుకెళ్లరాదు. పట్టుబడితే మోసినవారే జవాబుదారీ.
• అధికారులు అడిగితే దాచకుండా చూపించాలి.

విదేశంలో ఉన్న పిల్లలకు తాతల గుర్తు పంపాలనుకునే తల్లిదండ్రులు నాణేన్ని రెండువైపులా స్పష్టంగా ఫొటో తీసి, అది ఇంటికి ఎలా వచ్చిందో నాలుగు మాటలు రాసి పంపవచ్చు. వారు సెలవులకు వచ్చినప్పుడు అసలు నాణెం చేతిలో పెట్టవచ్చు.